డ్యాష్‌బోర్డు వెనక మైనపు దారం

నర్సమ్మ తన పాత తెల్లకారును షెడ్డు ముందు ఆపి, తాళంచెవి మీటరమ్మ చేతిలో పెట్టి అప్పటికి రెండు రోజులైంది. "బ్యాటరీ దీపం వెలుగుతోందక్కా. ఇప్పటికి రెండు చోట్ల చూపించాను. ఒకాయన బ్యాటరీ మార్చాడు, ఇంకొకాయన బెల్టు మార్చాడు. దీపం మాత్రం ఆరలేదు" అని ఆ రోజే చెప్పిందామె. ఆమె ఆ మాట అంటున్నప్పుడే లోపల బల్ల ముందు కూర్చున్న పెద్దమేస్త్రి తలెత్తి కారు వంక చూశాడు. చూసినవాడు చూసినట్టే లేచి, తాగుతున్న టీ గ్లాసు అక్కడే వదిలేసి, వెనకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ ఎదురెళ్ళి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు పలకరించే మనిషి ఆ కారుకి ఎందుకు మొహం చాటేశాడో కూతురు మీటరమ్మకు ఆ రోజు అంతుపట్టలేదు.

మూడో రోజు పట్టింది. పట్టకుండా ఉంటే బాగుండేదని ఆమె ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆ రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. పదకొండు గంటలకే షెడ్డులో లైటు వేసుకోవలసి వచ్చింది. రేకుల కప్పు మీద వాన పడీ పడనట్టు టపటపలాడుతోంది. రెండు రోజులుగా వేధించిన లారీ సెల్ఫ్ మోటారు పని అప్పుడే వదిలింది. మీటరమ్మ చేతులు కిరసనాయిల్‌తో కడుక్కుని, మెడలో వేలాడే మీటరును సర్దుకుని తెల్లకారు దగ్గరికి వెళ్ళింది. వోల్టేజీ చూసే ఆ మీటరు పదిహేనేళ్ళుగా ఆమె మెడలోనే ఉంటోంది. అసలు పేరు ఓటరు కార్డులో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఊళ్ళో డ్రైవర్లందరికీ ఆమె మీటరమ్మే.

నర్సమ్మ చెప్పిన వేళకే వచ్చింది. గొడుగు ముడిచి, గోడ పక్క బెంచీ మీద చివరగా కూర్చుంది. ఎవరో లేవమంటే వెంటనే లేచిపోవడానికన్నట్టు ఆమె ఎక్కడైనా అలాగే కూర్చుంటుంది. ముప్పై అయిదు దాటని మనిషి, చెంపల దగ్గర జుట్టు నెరిసిపోయింది.

"ఇవాళ తేలుతుందా అక్కా?"

"తేల్చకుండా వదలను. మీకు తొందరేమైనా ఉందా?"

"బండికి తొందర లేదు. మా చెల్లెలూ, మా మరిదీ రేపు పొద్దున బస్సుకి ఊరు వదిలి వెళ్ళిపోతున్నారు. అతనికి బదిలీ అయింది. వెళ్ళేలోపల..." అని ఆగి, చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "మీరు ఏం కనిపెడితే అది ఒక కాగితం మీద రాసిస్తారా? తప్పు నాదే అని తేలినా సరే, రాసివ్వండి."

ఆ తప్పేమిటో ఆమె మొదటి రోజే చెప్పింది. ఆస్పత్రిలో రోగి చీటీ చదివినట్టు చెప్పింది.

ఎనిమిది నెలల కిందట, ఇలాంటి వానలోనే, సాయంత్రం దీపాలు పెట్టే వేళ చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ కాన్పుల వార్డులో పన్నెండేళ్ళ నుంచి పనిచేస్తోంది. ఎందరి బిడ్డల్నో మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవి. "నేనుండగా భయమేంటే" అని చెల్లెల్ని తన కారు వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరింది. సగం దారిలో హెడ్‌లైట్లు పసుపెక్కాయి. వైపర్లు ముసలివాడి నడకలా ఒక్కో అడుగూ వేస్తూ, అద్దం మధ్యలో నిలబడిపోయాయి. సరిగ్గా వంతెన మీదికి వచ్చేసరికి ఇంజన్ ఆగిపోయింది. చీకట్లో, హోరువానలో, దీపాల్లేని బండి దగ్గర ఎవరాగుతారు? అరగంట తర్వాత ఒక లారీ ఆగింది. అప్పటికి బిడ్డ పుట్టింది. మెడ చుట్టూ పేగు వేసుకుని పుట్టింది. సెల్‌ఫోన్ వెలుగులో ఆమె చేయగలిగిందంతా చేసింది. బిడ్డ నిలవలేదు.

కారును లాక్కెళ్ళిన మెకానిక్ మర్నాడు మరిది ఎదురుగా ఒక మాట అన్నాడు. "బ్యాటరీకి కరెంటిచ్చే డైనమో చచ్చిపోయిందమ్మా. ముందునుంచే ఎర్రదీపం వెలుగుతూ ఉంటుందే, చూసుకోలేదా?"

ఆ ఒక్క మాటే. ఆ రోజు నుంచి చెల్లెలు అక్కతో మాట్లాడలేదు.

*

మీటరమ్మ నర్సమ్మను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది. "ఇంజన్ వెయ్యొద్దు. తాళం ఒక్క మెట్టు తిప్పండి. ఏమేం వెలిగాయి?"

"చేతిబ్రేకుది వెలిగింది. బ్యాటరీది వెలిగింది."

"ఆయిల్‌ది?"

నర్సమ్మ ముందుకు వంగి చూసింది. "నూనె చెంబు బొమ్మేగా? అది వెలగలేదు."

మీటరమ్మ ఆ సంగతి మనసులో పెట్టుకుంది. తాళం తిప్పగానే ఆయిల్ దీపం వెలగాలి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. మొదటే వెలగలేదంటే బల్బు మాడిపోయి ఉండాలి. సరే, అది తర్వాతి మాట.

ఇంజన్ వేయించింది. బ్యాటరీ దీపం ఆరిపోయింది. బ్యాటరీ మీద మీటరు పుల్లలు ఆనిస్తే పద్నాలుగు దాటి చూపించింది. హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ వేయించింది. ముల్లు కాస్త జంకి మళ్ళీ నిలబడింది. డైనమో నిక్షేపంలా ఉంది. వంతెన దగ్గరి మెకానిక్ వేసిన కొత్తది, దానికి వంక పెట్టడానికి లేదు.

"ఎప్పుడు వెలుగుతుందన్నారు?"

"బండి బాగా నడిచాక. సిగ్నల్ దగ్గర ఆగితే మినుకుమినుకుమంటుంది. మళ్ళీ కదిలితే ఆరిపోతుంది."

"అయితే వేడెక్కనిద్దాం."

ఇరవై నిమిషాలు ఇంజన్‌ని అలాగే వదిలేశారు. రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగాక, డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ బొమ్మ ఒకసారి కన్నుగీటింది. మళ్ళీ గీటింది. తర్వాత తెరిచిన కన్నులా నిలిచిపోయింది.

స్టీరింగ్ మీద నర్సమ్మ వేళ్ళు తెల్లబడడం అద్దంలోంచి మీటరమ్మకు కనిపించింది.

మీటరు మాత్రం పద్నాలుగు దగ్గరే ఉంది. కదల్లేదు.

బ్యాటరీకి కరెంటు అందడం లేదని దీపం అంటోంది. అందుతోందని మీటరు అంటోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. మెడలో ఉన్నది ఆమెకు ఇన్నేళ్ళలో అబద్ధం చెప్పలేదు.

మీటరమ్మ ఇంజన్ మీదికి వంగి, డైనమో వెనక ఉన్న సన్నవైరును పీకేసింది. దీపానికి కబురు మోసేది ఆ వైరే. అది ఊడితే దీపంలో ఏదో ఒక మార్పు రావాలి. "ఆరిందా?"

"లేదక్కా. అలాగే ఉంది."

అంటే ఈ దీపానికీ డైనమోకీ చుట్టరికమే లేదు. మరి దేనితో ఉంది? బండి ఆగినప్పుడు వెలిగి, కదిలితే ఆరిపోతోంది. ఇంజన్ వేడెక్కి, ఆయిల్ పలచబడి, దాని ఒత్తిడి తగ్గినప్పుడు వెలిగే దీపం ఒకటుంది. అది వెలగాల్సిన చోట ఇది వెలుగుతోంది. మీటరమ్మ ఇంజన్ పక్కకు చెయ్యి పోనిచ్చి ఒత్తిడిని బట్టి ఆ దీపాన్ని వెలిగించే ఆయిల్ స్విచ్చి మీది క్లిప్పు లాగింది.

"ఆరిపోయింది" అంది నర్సమ్మ.

"ఇంజన్ ఆపెయ్యండి."

పాత బళ్ళ బేరగాళ్ళు చేసే మాయ ఇది. డైనమో సరిగ్గా లేని బండికి బ్యాటరీ దీపం ఆరదు. కొనేవాడు చూస్తే బేరం చెడుతుంది. బల్బు పీకేస్తే తాళం తిప్పినప్పుడు వెలగదు, అదీ అనుమానమే. అందుకని ఆ దీపాన్ని డైనమో నుంచి తెంపి ఆయిల్ దీపం వైరుకి కట్టేస్తారు. అప్పుడు రెండూ కవలల్లా కలిసి వెలుగుతాయి, ఇంజన్ వేయగానే కలిసి ఆరిపోతాయి. చూసేవాళ్ళకు అంతా సవ్యంగానే ఉంటుంది. డైనమో చచ్చినా ఆ దీపం నోరెత్తదు. ఈ కారులో మాత్రం ఆయిల్ బల్బు మాడిపోవడం వల్ల, ఆయిల్ స్విచ్చి ముసలిదై తడబడడం వల్ల, దాచిన దొంగ ఒంటరిగా బయటపడ్డాడు.

"ఏంటక్కా?" అంది నర్సమ్మ.

"డ్యాష్‌బోర్డు విప్పి చూడాలి. గంటన్నర పడుతుంది."

"ఆస్పత్రిలో సంతకం పెట్టి వస్తాను. ఇవాళ మధ్యాహ్నం రెండింటి డ్యూటీకి సెలవు చెప్పాలి" అంటూ ఆమె గొడుగు తీసుకుని వెళ్ళింది.

*

స్క్రూలు నాలుగు, పక్క క్లిప్పులు రెండు. మీటర్ల పలక ఊడి చేతిలోకి వచ్చింది. వెనక వైర్ల కట్ట. టార్చి పెట్టి చూస్తే, ఎడమ చివర్లో నల్లటేపు చుట్టిన ఉబ్బు ఒకటి కనిపించింది. కంపెనీవాళ్ళు అక్కడ టేపు చుట్టరు. మీటరమ్మ గోటితో టేపు కొస లేపి నెమ్మదిగా విప్పింది.

టేపు కింద దారం ఉంది. మైనం పట్టించిన తెల్లదారం.

ఆమె టార్చి ఇంకా దగ్గరికి తెచ్చింది.

వేడికి టేపు జిగురు కారి ఊడిపోతుందని, అతుకు మీద ముందుగా మైనపు దారం బిగించి ఆపైన టేపు చుట్టే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే. ఎడమచేతి వాటం కాబట్టి వైరు మెలిక కూడా ఎదురు తిప్పుతాడు. మూడు మెలికలు, ఏడు చుట్లు, చివర కనపడని ముడి. పదకొండో ఏట ఆ ముడి వెయ్యడం రాక మీటరమ్మ ఏడుస్తుంటే, ఆయన పక్కన కూర్చుని ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి వేయించాడు. నాన్న అతుకు తెగిందన్న మాట ఆమె పుట్టాక వినలేదు.

ఈ అతుకు కూడా తెగలేదు. కానీ అందంగా లేదు. సీసం ముద్దలు ముద్దలుగా కారింది. దారం చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. ఒకచోట కాలిన మచ్చ, కాల్చే కడ్డీ జారి పక్కవైరు మీద పడ్డట్టుంది. పద్ధతి నాన్నది. వంకర మాత్రం నాన్నది కాదు, లేదా ఆమెకు తెలిసిన నాన్నది కాదు.

ఆ ముక్కను కత్తిరించి అరచేతిలో పెట్టుకుని వెనకగది తలుపు తోసింది.

పెద్దమేస్త్రి మంచం మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. స్టూలు మీద పొద్దున పెట్టిన పళ్ళెం మూత కూడా తియ్యకుండా అలాగే ఉంది. కూతురు చెయ్యి చాపి చూపించింది. ఆయన ఆ ముక్క వంక చూడలేదు. చూడక్కర్లేదు.

"నీదేనా నాన్నా?"

"నాదే."

"ఎందుకు చేశావు?"

ఆయన నీళ్ళు నమల్లేదు. రెండు రోజులుగా ఆ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు చెప్పాడు.

"ఆ బండి ముందు డ్రాయింగ్ మాస్టారిది. గతుకుల్లో దీపం వెలిగి ఆరుతోందని తెచ్చాడు. చూశాను, బాగైందన్నాను. వారానికి మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ చూశాను. డైనమో లోపల ఎక్కడో సన్నగా చీలింది తీగ, అది చేతికి తెలియాలి. నా చేతికి తెలియలేదు." ఆయన కుడిచేత్తో ఎడమచేతి మణికట్టు పట్టుకున్నాడు. "మూడోసారి వచ్చి ఆయన ఏమన్నాడో తెలుసా? 'మేస్త్రీ, ఈసారి అమ్మాయిని చూడమను' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"నన్ను పిలవాల్సింది."

"పిలిస్తే పట్టేసేదానివి."

మీటరమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు అరగంటలో పట్టేస్తావని నాకు తెలుసు. అందుకే పిలవలేదు. ఆ రోజు నువ్వు బస్సు డిపోకి పనికెళ్ళావు. వచ్చేలోపల కట్టేశాను. మాస్టారు ఇంటికీ బడికీ మధ్య తిప్పుకునే బండి. ఆగిపోతే తోసుకుంటాడు, అప్పుడు నిదానంగా డైనమో మార్చొచ్చు అనుకున్నా. అమ్మేస్తాడనుకోలేదు. ఎవరికి అమ్మాడో తెలియదు." తలుపు వంక చూశాడు. "మొన్న ఆ పిల్ల బయట చెబుతుంటే అంతా విన్నాను. ఈ తలుపుకి చెవులున్నాయి."

"ఆమెకేం చెప్పమంటావు?"

"బాగుచేసి ఇచ్చెయ్. ఆయిల్ స్విచ్చి పోయిందని చెప్పు. అబద్ధం కాదుగా."

"ఆమెకి కావలసింది బండి కాదు నాన్నా."

"నాకు తెలుసమ్మడూ" అన్నాడు ఆయన. అని, కళ్ళు గోడ వైపు తిప్పేసుకున్నాడు.

మీటరమ్మ తిరిగి కారు దగ్గరికి వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. దొంగ అతుకు పూర్తిగా తీసేసింది. బ్యాటరీ దీపం వైరును మళ్ళీ డైనమో దారిలో కలిపింది. కొత్త ఆయిల్ స్విచ్చి బిగించింది, మాడిన బల్బు మార్చింది. అతుకు మీద దారం చుట్టడానికి అలవాటుగా చెయ్యి మైనపు దారపు ఉండ వైపు వెళ్ళింది. వెనక్కి తీసుకుని, రబ్బరు గొట్టం తొడిగి వేడిచేసి బిగించింది. తాళం తిప్పితే రెండు దీపాలూ వెలిగాయి. ఇంజన్ వేస్తే రెండూ ఆరాయి. ఇంజన్ నడుస్తుండగానే డైనమో సన్నవైరు పీకి దాని కొసను ఇనుముకి ఆనించింది. బ్యాటరీ దీపం ఒక్కటే భగ్గున వెలిగింది. ఇప్పుడది నిజం చెబుతుంది. ఎనిమిది నెలలు ఆలస్యంగా.

*

నర్సమ్మ మూడు గంటలకు తడిసి వచ్చింది. బెంచీ మీద కూర్చోబోతే మీటరమ్మ తన స్టూలు జరిపి దగ్గర కూర్చోబెట్టింది. దాచడానికీ, తీపి పూయడానికీ ఆమెకు చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పింది. దీపాన్ని ఎలా తెంపారో, ఎలా కట్టారో, కత్తిరించిన ముక్క చూపించి చెప్పింది.

నర్సమ్మ ఆ ముక్క తీసుకుని చూసింది. "అయితే ఆ రోజు వెలగలేదు."

"వెలగలేదు. వెలగడానికి దారే లేదు."

"నేను చూడకపోవడం కాదు."

"కాదు."

ఆమె ఏడుస్తుందనుకుంది మీటరమ్మ. ఏడవలేదు. చాలా మెల్లగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంది. "మొదట్లో దీపం వెలగలేదనే చెప్పానక్కా. మా అమ్మ కూడా నమ్మలేదు. అందరూ అడిగి అడిగి... చివరికి చూశాననే అనుకున్నాను. ఎర్రగా వెలిగినట్టు, నేనే తల తిప్పుకున్నట్టు గుర్తు కూడా వచ్చేసింది. నిద్రలో రోజూ కనిపిస్తుంది ఆ దీపం. లేనే లేదంటున్నారు మీరు."

వాన రేకుల మీద గట్టిగా అందుకుంది.

"ఎవరు కట్టారు దీన్ని?"

తెలియదు అన్న మాట మీటరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. పాత బేరగాళ్ళ మీదికి తోసెయ్యడానికి ఒక్క క్షణం చాలు. అడిగేవాళ్ళు కూడా లేరు.

"మా నాన్న" అంది.

వెనకగది తలుపు అప్పటికే తెరిచి ఉంది. పెద్దమేస్త్రి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. నర్సమ్మ లేచి ఆయన దగ్గరికి నడిచింది. కొడుతుందేమోననిపించి మీటరమ్మ కూడా లేచింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి" అంది నర్సమ్మ. "దీపం సరిగ్గా ఉండి ఉంటే, ఆ రోజు ఎప్పుడు వెలిగేది?"

"మీ ఇంటి నుంచి వంతెనకి ఎంత సేపు?"

"ఇరవై అయిదు నిమిషాలు."

ఆయన కళ్ళు మూసుకుని లెక్క కట్టాడు. తెలియదనొచ్చు. వంతెన ముందు అనొచ్చు. ఆ మాట కొంచెం తక్కువ నొప్పిస్తుంది.

"లైట్లూ వైపర్లూ వేసుకుని, పాత బ్యాటరీ మీద అంతసేపే నడుస్తుందమ్మా. అంటే డైనమో ముందే చచ్చిపోయింది. మీరు ఇంజన్ వేసిన నిమిషంలోనే వెలిగి ఉండేది. మీ వాకిట్లోనే."

"వాకిట్లోనే" అంది ఆమె.

"అవును."

"అయితే బయల్దేరేదాన్నే కాదు."

ఆయన తల వంచుకున్నాడు. క్షమించమని అడగలేదు. అడిగే మొహం తనకు లేదనుకున్నాడేమో. గుమ్మం మీద ఆయన ఎడమచెయ్యి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కనపడని మాత్ర ఏదో నలుపుతున్నట్టు కదులుతూనే ఉంది. నర్సమ్మ చూపు దాని మీద పడింది, అక్కడే ఆగింది. మాట్లాడినప్పుడు ఆమె గొంతు మారింది. అది వార్డులో గొంతు.

"ఈ చెయ్యి ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"మూడేళ్ళవుతుంది."

"ఏ డాక్టరుకి చూపించారు?"

"ఎవరికీ చూపించలేదు."

"ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. మీటరమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమెకు తెలుసు. ఏడాదిగా నాన్నకి టీ సగం గ్లాసే పోసి ఇస్తోంది, ఒలకకుండా. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆయనకు ఎంతసేపు పడుతుందో విని, బయట ఏదో పని కల్పించుకుని ఆగేది. ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంది.

"దీనికి మందుంది" అంది నర్సమ్మ. "పూర్తిగా పోదు. పని చేసుకునేంత నిలకడ వస్తుంది. మూడేళ్ళ క్రితమే వచ్చి ఉంటే..." అని అక్కడితో ఆపేసింది.

రేకుల చూరు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. బయట రోడ్డు మీద బళ్ళు అప్పుడే లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి, మూడున్నరకే అంత చీకటి కమ్మింది.

"నాకు కాగితం వద్దు" అంది నర్సమ్మ చివరికి. "కాగితం చదివి మా మరిది మడిచి జేబులో పెట్టుకుంటాడు. మీరు రండి. మా చెల్లి ముందు కూర్చుని, నాకు చెప్పింది దానికీ చెప్పండి. వాకిట్లోనే వెలిగేదని కూడా చెప్పండి. ఆ తర్వాత మిమ్మల్ని ఏమంటుందో నాకు తెలియదు. నేను అడ్డు రాను."

"వస్తాను" అన్నాడు ఆయన. "పదండి."

మీటరమ్మ పక్కగోడకి తగిలించిన ఆయన చొక్కా తెచ్చి తొడిగింది. గుండీలు తనే పెట్టింది. మొదటిసారి ఆయన వద్దనలేదు. "నేనూ వస్తాను నాన్నా" అంది.

"నువ్వొద్దు. నీకు వేరే పనుంది."

"ఏం పని?"

ఆయన కారు వెనక తలుపు పట్టుకుని ఆగిపోయాడు.

"ఈ ఒక్క బండికే కాదమ్మడూ. ఒకసారి చేశాక, రెండోసారి చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. ఇంకోటుంది."

"ఎవరిది?"

"ఆస్పత్రి వ్యాను. పక్కన ఎర్రగీత ఉండేది. దీపం మినుకుతోందని డ్రైవరు నిరుడు తెచ్చాడు."

స్టీరింగ్ ముందు కూర్చోబోతున్న నర్సమ్మ కారు పైకప్పు పట్టుకుని నిలబడిపోయింది.

"అది ఇందాకే వెళ్ళింది" అంది. "నేను వస్తుంటే గేటు దాటింది. కొండ మీద ఊళ్ళో ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోన్ వచ్చింది. డ్రైవరూ, ఆయా, ఇద్దరే వెళ్ళారు."

"డ్రైవరు నంబరుందా?" అంది మీటరమ్మ.

నర్సమ్మ సెల్‌ఫోన్ తీసి నొక్కి మీటరమ్మ చేతికిచ్చింది. అటువైపు మోగింది. ఆగింది. రెండోసారి చేస్తే ఎత్తారు. వాన హోరు, ఇంజన్ రొద, వాటి వెనక ఒక ఆడమనిషి మూలుగు.

"చెప్పండక్కా" అన్నాడు డ్రైవరు. "పేషెంటుని ఎక్కించుకున్నాం. ఘాట్ రోడ్డు దిగుతున్నాం. మరేం లేదు, హెడ్‌లైట్లే కాస్త పసుపుగా పడుతున్నాయి. వాన కదా."

"బండి ఆపకు. ఇంజన్ ఆపకు, ఆగితే మళ్ళీ అందుకోదు. వింటున్నావా? ఎక్కడున్నావు?" అంది మీటరమ్మ.

లైను తెగిపోయింది.